హారతి అయ్యేదాకా

నాన్న కారు ఇంజిన్ లోపల అరిగిపోయి బోరుకొచ్చిందని మొదట కనిపెట్టింది మెకానిక్ కాదు, కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు. పొద్దున్నే వాళ్లను ఎక్కించుకుని షూటింగుల దగ్గర దింపడమే ఆయన బతుకుదెరువు. "అంకుల్, మీ బండి పొగకే మాకు సగం మేకప్ అయిపోతోంది" అని నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు నవ్వడం మానేసి వేరే బండి మాట్లాడుకున్నారు.

ఇంజిన్ బాగుపడకపోతే కారు తుక్కుకు పోతుంది, నాన్న ఏదో ఒక గేటు దగ్గర కాపలాకు పోతాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ భాయ్ ఇంజిన్ దించి, పారేయాల్సినవన్నీ ఒక కుప్ప పోశాడు. నాన్న ఆ కుప్పలోంచి ఒక్కొక్కటీ ఏరి మళ్లీ ఇవతల పెట్టేవాడు. "గిది జర రుద్దితే నడ్వదా భాయ్?" అని బతిమాలేవాడు. చివరికి పిస్టన్లు, రింగులు మాత్రం కొత్తవి వేశారు. తక్కినవన్నీ పాత సామాన్ల దుకాణాల్లో దొరికినవే. రేడియేటర్ కొత్తది కొనే స్తోమత లేక, పాతదాన్నే మాట్లు వేయడానికి ఇచ్చాం.

అది రాకముందే ముహూర్తం వచ్చింది. మా అమ్మకు పంచాంగం చూడటం రాదు గానీ, దాని పేరు చెప్పి భయపెట్టడం బాగా వచ్చు. కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని పొద్దున్నే షెడ్డుకు బయలుదేరదీసింది.

"రేడియేటర్ రాలే అక్కా. నీళ్లు లేకుంట నడిపితే ఇంజిన్ ఖతం. సాయంత్రం దాక ఆగుండ్రి" అన్నాడు భాయ్.

"మంచి గడియ సాయంత్రం దాక ఆగుతదా? రేపు అమాస" అంది అమ్మ.

నాన్న భాయ్ వైపు చూశాడు. ఆ చూపుకు ఎవరైనా కరుగుతారు. "సరే అన్నా. స్టార్ట్ చేసుడు, బంద్ చేసుడు. గంతే" అన్నాడు భాయ్.

అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. నాన్న తాళం తిప్పాడు. మొదట దగ్గింది, తర్వాత అందుకుంది. పొగ లేదు. అంత చక్కటి చప్పుడు ఆ కారు నేనెరిగినప్పటి నుంచీ చేయలేదు. నాన్న మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

అమ్మ కర్పూరం వెలిగించింది. గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. భాయ్ చెయ్యి ఊపుతూ "బస్, బస్" అన్నాడు. నాన్న చెయ్యి తాళం మీదికి వెళ్లింది.

"హారతి నడ్మల బంద్ చేస్తరా ఎవలన్న?" అని అమ్మ కసిరింది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పక్క కొట్టు దర్జీ కూడా వచ్చి హారతి కళ్లకద్దుకున్నాడు. ఇంతలో చప్పుడు బరువెక్కింది. ఒక మూలుగు మూలిగి, ఎవరూ ఆపకుండానే ఇంజిన్ ఆగిపోయింది. భాయ్ విప్పి చూశాడు. పిస్టన్లు పట్టేశాయి, పైన హెడ్ పగిలింది. మళ్లీ మొదటి నుంచి చేయించే శక్తి మాకు లేదు. చక్రాల కింద నిమ్మకాయలు నలగనే లేదు.

చేతులు కాలాక ఆకులు అంటారు కదా, మావి సాయంత్రం వచ్చాయి. రేడియేటర్‌కు మాట్లు బాగానే వేశారు, చుక్క కారడం లేదు. అమ్మను నాన్న ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని నాకిప్పటికీ కోపం.

ఇప్పుడు ఆయన పంజాగుట్టలో ఒక షాపింగ్ మాల్ కింద, మెడలో విజిల్ వేసుకుని కార్లు పెట్టిస్తుంటాడు. నా ఉద్యోగం ఆ పక్కనే. మధ్యాహ్నం బాక్సు తీసుకెళ్తే ఇద్దరం మెట్ల మీద కూర్చుని తింటాం. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, "గా వీడియో పెట్టు బిడ్డా" అంటాడు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంజిన్ చప్పుడు వింటాడు. కాసేపటికి ఫోన్ కళ్లెదుటికి తెచ్చుకుంటాడు. వీడియోలో తన చెయ్యి తాళం మీదికి వెళ్లగానే బొటనవేలితో ఆపేస్తాడు.