ఐదవ చరణం

1931 మార్చి 14, శనివారం. ఉదయం ఎనిమిది గంటలు. చిలీ కొండలోయలో మంచు ఇంకా విడలేదు. ద్రాక్షతీగల నుండి తడి జారుతున్నది. జీనులు కుట్టే ఎలియోదోరో తన గిటారును గొంగళిలో చుట్టుకొని ఒతీలియా ఇంటి గడప దాటేసరికి, బొగ్గులు కాల్చే క్రిసాంతో, తనలాగే పదాలు కట్టి పాడేవాడు, అప్పటికే లోపల కూర్చొని ఉన్నాడు. ఎలియోదోరో మనసు చివుక్కుమన్నది.

ఎదుట తెల్లగుడ్డ పరచిన బల్లమీద, చిన్న కుర్చీలో, కాగితపు రెక్కలతో ఎనిమిది నెలల ఇల్డా కూర్చొని ఉన్నది. పాప పోయి రెండు రోజులైనది. తల్లి ఒతీలియా ఏడవడం లేదు. ఏడిస్తే రెక్కలు తడిసి పాప స్వర్గానికి ఎగరలేదని అక్కడి నమ్మకం. తండ్రి ఎవారిస్తో పర్వతం మీది మేతబయళ్లలో పశువులతో ఉన్నాడు. కబురు వెళ్లింది. అతడు వచ్చేవరకు వీడ్కోలు పాడరాదు. పాప నోటి మాటగా కవి పలికే ఆ ఐదు చరణాలు ముగిస్తే, ఎవరు వచ్చినా రాకున్నా పాపను పెట్టెలో ఉంచి శ్మశానానికి ఎత్తవలసినదే.

ఆ వీడ్కోలు పాడేది ఎవరన్నదే ఎలియోదోరోను తొలిచేస్తున్నది. అతనికి మూడు నోటుపుస్తకాల నిండా పద్యాలున్నవి. క్రిసాంతోకు సంతకమైనా రాదు. అయినను అన్నదమ్ముల తగవుకైనా, మంచం పట్టినవాడి దిగులుకైనా లోయవారు తలచుకునేది క్రిసాంతో పదాలనే. ఎలియోదోరో భార్య సైతం రొట్టెపిండి పిసుకుతూ వాటినే కూనిరాగం తీసేది:

మనిషి ప్రార్థనలో సగం తనకు కావాలని,
తక్కిన సగం పక్కవాడికి దక్కరాదని.

"వేరే పాటే రాదా నీకు?" అని ఒకనాడు కసిరాడు.

"వచ్చు. నిన్ను చూస్తే మాత్రం ఇదే గుర్తొస్తుంది," అన్నదామె.

పది గంటలకు ఒతీలియా వేడి పానీయం తెచ్చి మొదటి గిన్నె క్రిసాంతో చేతికిచ్చింది. "క్రిసాంతో గారూ, మా ఆయన వచ్చాక మీరే..." అని ఏదో అనబోయింది.

ఆ మాట పూర్తి కాకముందే ఎలియోదోరో తీగలు మీటి వీడ్కోలు ఎత్తుకున్నాడు.

"ఒరేయ్, మతి పోయిందా నీకు? పిల్ల తండ్రి ఇంకా రాలేదురా!" అని పొరుగింటి ముసలి పెత్రోనా కేకవేసింది. కాని ఎత్తుకున్న వీడ్కోలును ఆపే అధికారం ఎవరికీ లేదు. మొదటి చరణంలో అతని గొంతు ఠీవిగా సాగింది. మూడవ దానిలో ఒతీలియా వాకిలి వైపే చూస్తుండడం కంటబడింది. తాను చేసినదేమిటో అప్పటికి తెలిసింది. చేతులు మాత్రం ఆగలేదు.

నాలుగవది ముగియగానే క్రిసాంతో మసిబారిన అరచేయి తీగలపై వాలింది. పాడేవాని వాద్యంపై మరొకరు చేయి వేయడం ఆ లోయలో ఎన్నడూ ఎరుగని అవమానం.

"నాలుగయ్యాయి, కొంపాద్రే. ఐదోది తండ్రిని విననీ." ఎలియోదోరో కొడుకు బాప్తిస్మంలో క్రిసాంతో జ్ఞానపితగా నిలిచాడు; ఆ వరుసతో ఒకరినొకరు అలాగే పిలుచుకునేవారు.

"ఆపడానికి నువ్వెవడివి?"

"ఎవణ్ణీ కాను. ఇందాకటి నుంచి నీ పాటలో తప్పు వెతుకుతున్నా. ఒక్కటీ దొరకలేదు. కడుపు మండిపోయింది. ఆ ప్రార్థన పదం నీ మీద కట్టాననుకుంటున్నావు కదూ? నన్ను చూసుకునే కట్టాను."

ఎలియోదోరో తల వంచి తీగలపైనున్న ఆ మసి చేతిని చూశాడు.

"చెయ్యి తియ్యకు నాయనా! తీశావంటే మళ్లీ అందుకుంటాడు వాడు," అన్నది పెత్రోనా.

క్రిసాంతో తీయలేదు. రెండో చేత్తో గిటారు మెడ పట్టుకొని రెండు గంటలు అలాగే కూర్చున్నాడు. చల్లారిన గిన్నెను ఎలియోదోరోయే అతని నోటికి అందించవలసివచ్చింది.

మధ్యాహ్నం గుర్రపు డెక్కల చప్పుడైనది. ఎవారిస్తో దుమ్ముకొట్టుకొని లోపలికి వచ్చి, టోపీ తీసి, కూతురి ఎదుట నిలబడ్డాడు. క్రిసాంతో చేయి ఎత్తాడు. తీగలపై మసి మిగిలింది.

"ఎత్తుకున్నవాడే దించాలి," అన్నాడు క్రిసాంతో.

ఎలియోదోరో రాసుకొచ్చిన ఐదవ చరణంలో దేవదూతల పేర్లు తొమ్మిదున్నవి. తండ్రి ముఖం చూడగానే వాటిలో ఒక్కటీ నాలుకకు రాలేదు. నోటికి వచ్చినది పాడాడు:

నాన్నా, నీ గుర్రం అలసింది, నీళ్లు పెట్టు.
నీ కోసమే ఇంతసేపు కూర్చున్నాను,
ఇక లేస్తాను.

పెట్టె వెంట నడుస్తూ పెత్రోనా క్రిసాంతోను అడిగింది: "ఆ చివరిది నువ్వు నేర్పిందేగా?"

"కాదు," అన్నాడు క్రిసాంతో. అయితే కొంచెం ఆలస్యంగా అన్నాడు. వెనుక నడుస్తున్న ఎలియోదోరో ఆ ఆలస్యాన్ని గమనించాడు, బ్రతికినన్నాళ్లు మరువలేదు.

క్రిసాంతో 1938 చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు. ఎలియోదోరో 1952 దాకా జీనులు కుట్టాడు. అతని పుస్తకాలలో రెండు వానకు తడిసి పోయినవి; మూడవది కూతురి వద్దనున్నది. ఐదవ చరణం అందులో లేదు. లోయవారు దానిని క్రిసాంతో పేరుతోనే పాడుతున్నారు. ఒతీలియాకు, ఎవారిస్తోకు తరువాత ముగ్గురు బిడ్డలు కలిగారు, ముగ్గురూ బ్రతికారు.