బోణీ కుక్కపిల్లకు కావలసిన సామాను

ఇప్పుడు నేను మీకొక వీరగాథ చెప్పబోతున్నాను. ఇందులో కొండలు దాటి వచ్చిన వాహనం ఉంది, రాజ్యలాభం ఉంది, చివర ఒక మహాయుద్ధం ఉంది. నిజం చెప్పాలంటే అంత లేదు. వాహనం సాలూరు లారీ. రాజ్యం అరసవల్లి రోడ్డులో మా స్టీలు సామాన్ల షాపు. యుద్ధం చేసింది జానెడు పొడవున్న కుక్కపిల్ల. ఓడిపోయింది కూడా అదే.

కుక్కపిల్ల కావాలన్నది నేను. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ఇంట్లో ఉంటున్నాను కాబట్టి తోడు కావాలన్నాను. సాలూరులో లారీలు తిప్పే మా మేనమామ దగ్గర కాపలా కుక్క ఈనింది. ఫోన్ చేశాను.

“ఏ జాతి మావా?”

“సాలూరు జాతే. డీజిల్ వాసన తగిల్తే గాని నిద్దరోదు. కావాలా వద్దా?”

కావాలన్నాను. ఆ క్షణం నుంచి పరీక్ష పుస్తకాలు మూసి, కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు సిద్ధం చేసుకోవలసిన వస్తువుల గురించి ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఆ వీడియోల్లోని కుక్కలకు మా ఇంట్లో మనుషులకు లేని వసతులున్నాయి. పరుపు, చిన్న ఇల్లు, కొరుక్కునే బొమ్మలు, గోళ్లు తీసే కత్తెర, తడి పీల్చే గుడ్డలు, చలికి స్వెట్టరు. మా అమ్మకు చదివి వినిపిస్తుంటే నాన్న పేపరు దించాడు.

“దానికి పరుపేటే? నేనే నవారు మంచం మీద పడుకుంటన్నాను.”

“మీరు మొరగరు కదా నాన్నా.”

“మీ అమ్మ ఉండగా నాకా అవకాశం ఏదీ?”

నాన్నకు కుక్కలంటే పడదు. ఇంట్లో కుక్క తిరిగితే లక్ష్మి గుమ్మం దగ్గరే ఆగిపోతుందని ఆయన సిద్ధాంతం. అందుకని వస్తువులన్నీ ఆయన కంట పడకుండా సమకూర్చుకోవలసి వచ్చింది. చేపల తొట్లు అమ్మే షాపులో మెడపట్టీ దొరికింది. మువ్వలున్నది, ఎరుపుది, దూడకు సరిపోయేంత పెద్దది. ఇంకా చిన్నది లేదా అని అడిగితే “పెరగదేటమ్మా?” అన్నాడు షాపతను. న్యాయమైన ప్రశ్నే. కొన్నాను. పరుపు బదులు అమ్మ పాత చీరలతో బొంత కుట్టింది. ఇంటికి బదులు కుక్కరు వచ్చిన అట్టపెట్టె. తడికి పాత పేపర్లు. తల్లి లేని పిల్ల వెచ్చదనం కోసం ఏడుస్తుందని వీడియోలో చెప్పారు కాబట్టి, వేడినీళ్లు పోసి మూత బిగించి తువ్వాలు చుట్టడానికి ఒక స్టీలు సీసా. మాది సామాన్ల షాపు కదా, ఆ విభాగంలో మాత్రం మేము ఏ దేశానికీ తీసిపోము.

లారీ మా సందులోకి రాదు. డ్రైవరు పొద్దున్నే షాపు ముందు ఆపి, నాన్న షట్టరు సగం ఎత్తి ఉండగా పిల్లను ఆయన చేతుల్లో పెట్టేసి వెళ్లిపోయాడు. నేను అట్టపెట్టె పట్టుకుని పరిగెత్తుకు వెళ్లేసరికి నాన్న దాన్ని పేలబోయే వస్తువును పట్టుకున్నట్టు చేతులు చాచి దూరంగా పట్టుకుని ఉన్నాడు. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడింది, రెండోది ఇంకా నిర్ణయించుకోలేదు.

“తియ్యే, తియ్యి. బోణీ వేళకి ఇదేటి నాకు.”

నేను పెట్టెలో పెట్టేలోగా బొబ్బిలి వైపు నుంచి ఒక కుటుంబం దిగింది. పెళ్లి సామాను. బిందెలు, గంగాళాలు, కుక్కర్లు, పళ్లేలు, అన్నీ. మామూలుగా ఆ బేరం మధ్యాహ్నం దాకా సాగి, సగం మంది అలిగి బయటికెళ్లి, మళ్లీ టీ తాగి లోపలికొస్తారు. ఆ రోజు పెళ్లికూతురు పెట్టె పక్కన కూర్చుని కుక్కపిల్ల చెవి నిమురుతూ “నానా, ఇక్కడే తీసుకుందాం” అంది. అయిపోయింది.

వాళ్ల ఆటో కదిలాక నాన్న పెట్టెలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“దీని పాదం మంచిదిలా ఉన్నాదే,” అన్నాడు.

లక్ష్మి గుమ్మం దగ్గర ఆగిపోవడం గురించి నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండా నా మొహమే అడిగింది. “నోర్ముయ్యి,” అన్నాడు నాన్న.

మా షాపులో సామాను కొన్నవాళ్లకు పేరు చెక్కి ఇస్తాం. ఆ సాయంత్రం నాన్న ఒక చిన్న పళ్లెం తీసి, చెక్కే మిషను పట్టుకుని కూర్చున్నాడు. దాని పేరు మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. అమ్మ ఒకటి, నేను ఒకటి, నాన్న “ఒసే” అని పిలిచేవాళ్లం. కాసేపు ఆలోచించి మా ఇంటిపేరు చెక్కాడు. నాకు పెళ్లయితే పోయే ఇంటిపేరు దానికి శాశ్వతంగా దక్కిందన్నమాట అన్నాను. “నీకన్నా పనికొచ్చేది అదే,” అన్నాడు. అప్పటికి అది నిజమే.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. లారీలో అలిసిపోయి వచ్చింది, వారం ఆగి సోమవారం తీసుకురండి, మొదటి సూది వేద్దాం అన్నాడు. సూదులన్నీ పూర్తయ్యేదాకా పదిమంది తిరిగే నేల మీద దించకండి అని కూడా చెప్పాడు. నాన్న బుద్ధిగా తల ఊపాడు. వ్యాపారస్తుడు తల ఊపడమంటే బేరం ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

మర్నాటి నుంచి పొద్దున్నే నాన్న దాన్ని చంకలో పెట్టుకుని షాపుకు బయల్దేరేవాడు. షట్టరు ఎత్తగానే దీపం కన్నా ముందు దాన్ని గచ్చు మీద దించి, నాలుగడుగులు నడిపించి, తర్వాత గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టేవాడు. పాదం మంచిదైనప్పుడు ఆ పాదం నేలకు తగలాలి కదా.

“డాక్టరు వద్దన్నాడు కదా,” అంది అమ్మ.

“ఈదిలో దించొద్దన్నాడు. షాపు ఈదేటి? మనదే కదా. రోజూ తుడుస్తన్నాం.”

బోణీ నిజంగానే బాగుండేది. అరసవల్లి గుడికి వచ్చే జనమంతా మా షాపు ముందు నుంచే పోతారు. చెప్పుల కాళ్లతో లోపలికొచ్చి దాన్ని ముద్దుచేసి, ఊరికే వెళ్లడం బాగోదని ఒక గరిటయినా కొనేవాళ్లు. రోజూ పూలు అమ్ముకునే ముసలామె అయితే దాన్ని “బోణీ తల్లీ” అనేది. మువ్వల పట్టీ దానికి నడుముకు మాత్రమే సరిపోయింది. నాన్న దాన్ని అలాగే నడుముకు కట్టాడు. వడ్డాణం పెట్టుకున్న కుక్కను మీరు చూసి ఉండరు.

ఆదివారం మధ్యాహ్నం అది పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు.

“బజారంతా సూసినారు. దిష్టి తగిలీసినాది,” అంది అమ్మ. ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదని, అదే దిష్టికి సాక్ష్యమని చెప్పింది. ఘాటు మాత్రం వచ్చింది, మేమంతా దగ్గాం, అయినా ఎవరూ వాదించలేదు. తెల్లారేసరికి విరేచనంలో రక్తం. ఆ వాసన ఒకసారి తగిలితే మర్చిపోలేరు, వర్ణించను.

సోమవారం సూదికి వెళ్లవలసిన మేము సోమవారమే వెళ్లాం. సమయపాలనకు లోటు లేదు. డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి, చిగుళ్లు చూసి, సెలైను పెట్టాడు. పార్వో అన్నాడు. పేగులను తినేసే జబ్బు, బతికితే అదృష్టం అన్నాడు.

“నేల మీద దించారా?”

“ఈదిలో దించలేదండి,” అన్నాడు నాన్న.

“మరెక్కడ?”

“షాపులో.” కొంచెం ఆగి, “మాదేనండి,” అన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నాన్నకు బేరమాడటానికి ఏదైనా దొరికేది. “చెప్పులకు అంటుకుని కూడా వస్తుందండీ, కంటికి కనబడదు,” అన్నాడు అంతే.

బయటికొచ్చాక నాన్న మెట్ల దగ్గర విడిచిన తన చెప్పులను చూస్తూ నిలబడ్డాడు. వేసుకోలేదు. ఎండలో వట్టి కాళ్లతో స్కూటరు దాకా నడిచాడు. గుడి దగ్గర చెప్పులు పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు గాని, పశువుల ఆసుపత్రి దగ్గర వదిలేసి వచ్చింది ఈయనొక్కడే అని నాకు తోచింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. స్కూటరు వెనక కూర్చుని, తువ్వాల్లో ఉన్నదాన్ని పట్టుకుని, మింగేశాను.

మర్నాడు మళ్లీ సెలైను. ఆ రోజు నాన్న షాపు తెరవలేదు. పెద్దవాళ్లు పోయినప్పుడు తప్ప మా షట్టరు దిగి ఉండదు కాబట్టి పక్క షాపువాళ్లు కంగారుగా ఇంటికొచ్చారు. “ఎవరికేటైనాది?” అని అడిగారు. అమ్మ చెప్పింది. వాళ్లు నవ్వాలో వద్దో తెలియక చేతులు కట్టుకుని కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక నాన్న నవారు మంచం మీద కూర్చుని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. నేను సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి పక్కన పెట్టాను. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకు దాని పొట్ట కదలడం ఆగింది. నాన్న కూడా చూశాడు.

“నిద్దరోయినాది. లేపకండి,” అన్నాడు.

మేము లేపలేదు. నేను మళ్లీ నీళ్లు కాచి సీసా మార్చాను. ఎందుకు మార్చానో చెప్పలేను. సీసా చల్లారిపోతే మార్చాలని వీడియోలో చెప్పారు.

సాయంత్రం పెరట్లో మునగచెట్టు అవతల, డాక్టరు చెప్పినట్టు లోతుగా తవ్వి సున్నం వేసి పూడ్చాం. తవ్వింది నాన్నే.

తర్వాతి రోజు నుంచి ఆయన షాపులో ఒక్కడే ఉంటే నాకు భయంగా ఉండి నేనూ వెళ్లి కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా గల్లాపెట్టె పక్కకు చూసేవాళ్లు.

“కుక్కపిల్లేదండీ?”

“ఇంటి దగ్గరున్నాది. నిద్దరోతంది,” అనేవాడు నాన్న, పళ్లెం తుడుస్తూ.

అందరికీ అదే మాట. పూలామె ఒక రోజు బిస్కెట్ పొట్లం తెచ్చింది. “బోణీ తల్లికి పెట్టు బావూ, కనబడక బెంగగా ఉన్నాది” అంది. నాన్న రెండు చేతులతో అందుకున్నాడు. “పెడతానమ్మా,” అన్నాడు. ఆ పొట్లం ఆయన సొరుగులో పెట్టి, సొరుగు మూసి, మూసిన సొరుగు మీద చెయ్యి అలాగే ఉంచాడు.

మేనమామ ఫోన్ చేశాడు. “ఇంకోటి మిగిలున్నాది, పంపీమంటావా బావా?”

నాన్న ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. వద్దంటాడనుకున్నాను.

“ముందు సూదులన్నీ వేయించు. అన్నీ అంటే అన్నీ. ఇక్కడ నేల బాగయ్యీదాకా దాన్ని అక్కడే ఉంచు.”

ఆ జబ్బు పురుగు నేలలో నెలల తరబడి ఉంటుందని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి నాన్న షట్టరు ఎత్తగానే మోకాళ్ల మీద కూర్చుని గచ్చంతా బ్లీచింగ్ నీళ్లతో కడుగుతాడు. పనిమనిషిని పెడదామంటే వినడు. నన్నూ చెయ్యి పెట్టనివ్వడు. నేను పక్కన నిలబడి సామాను సర్దుతాను. బ్లీచింగ్ నీళ్లు పడితే స్టీలుకు మచ్చలొస్తాయి, తోమినా పోవు. అందుకని కడిగే ముందు కింది వరస బిందెలన్నీ పైకెక్కించుకోవాలి.