పొడుగు తీగకు నిలిచేదాకా

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన సైన్సు మాస్టారు ఇక లేరన్న కబురు, ఒకప్పుడు ఆయనతోపాటు మన బడిలో తెలుగు చెప్పిన నాకు అందింది. ఈ ఉత్తరానికి తేదీ, ఊరు వేయలేదు. మొదలుపెట్టిన చోట ముగించలేక లేచి తిరుగుతూనే ఉన్నాను. సంస్మరణ సభలో మైకుకు ఆయన చివరగా తయారుచేసిన యాంప్లిఫయరునే పెడతారని విన్నప్పటి నుంచి మనసుకు కుదురు లేదు. దాన్ని ఆయన ఇంకా ‘పాసు’ చేయలేదు.

ఆయన తయారుచేసిన మొదటిది సైన్సు గదిలో, బారెడు తీగతో, చక్కగా పలికింది. జెండా పండుగనాడు డుంబ్రిగుడ సంత మైదానంలోని లౌడుస్పీకరు దాకా తీగ లాగి పెట్టగానే కూత మొదలైంది. మైకు ఊడదీసినా ఆగలేదు. అల్లం అమ్ముకొనే ముసలమ్మ చెవులు మూసుకొని, “ఏటి బాబూ, నీ మిషనుకి పురిటినొప్పులొచ్చీసినాయేటి?” అన్నది. అందరికంటే గట్టిగా నవ్వినవారు ఆయనే.

కారణం తరువాత నాకు విప్పి చెప్పారు. బయటికి వెళ్లే శబ్దంలో కొంత తలకిందులు చేసి వెనక్కి పంపితే, యంత్రం తన తప్పు తానే దిద్దుకొంటుంది. పొడుగు తీగ ఆ దిద్దుబాటును ఆలస్యం చేస్తుంది.

“ఆలీసంగా వచ్చిన దిద్దుబాటు తప్పుతోటే సెయ్యి కలిపేత్తాది, తెలుగు మాస్టారూ!”

“ఆలీసం కాదు, ఆలస్యం.”

“సూసినారా, ఎంత బేగి దిద్దీసినారో! మీకు కూత రాదు.”

ఆనాటి నుంచి కాఫీ మొక్కల నడుమ తీగ మొత్తం పరిచి, నాచేత పద్యం చదివించి, మైకును వేలితో తట్టేవారు. శబ్దాన్ని గీతగా చూపించే పాత ఆసిలోస్కోపు తెరమీద గీత ఒక్కసారి ఎగిరి నిలిస్తే తలూపేవారు. వణుకుతూ పోతే యంత్రాన్ని మళ్లీ విప్పేవారు. “ఊరుకున్నంత మాత్రాన కుదురు కాదండీ. కుదిపితే బేగి ఊరుకోవాల,” అనేవారు. గీత ఎలాగో నిలిచినా ఒప్పుకొనేవారు కారు: “అంచుమీద నిలబడ్డాది. వానకి తీగ తడిస్తే పడిపోద్ది.”

ఈ చివరిదానికి బారెడు తీగ పరీక్షే జరిగింది. మంచం పట్టాక ఫోనులో నాతో, “నేనొచ్చీదాకా పొడుగు తీగ తగిలించకండి. మీరే సదవాల,” అన్నారు. ఆయన రారు. నా గొంతు ఇప్పుడు పద్యానికి నిలవదు.

కాబట్టి నాదొక్కటే మనవి. సభకు ముందురోజే తీగ మొత్తం పరిచి, ఆయన శిష్యురాలైన ఇప్పటి సైన్సు టీచరుగారిచేత పరీక్షింపజేయండి. గీత నిలవకపోతే మొహమాటపడక యంత్రాన్ని పక్కన పెట్టండి. ఆయనైనా అదే చేసేవారు. నిలిస్తే, సభలో ఈ ఉత్తరాన్ని అందులోనే బిగ్గరగా చదివించండి. చదివినవారు చివర మైకును వేలితో ఒకసారి తట్టాలి. ఆ చప్పుడు సంత మైదానం దాకా వెళ్లి అణిగేంతవరకు, అందరూ నిలబడి వినండి.