వగరు అన్నందుకు

ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసులో పదమూడు మందికి ఫ్రాన్సు ఎర్ర వైన్ తాగడం నేర్పారు. సోమవారం అక్కడి నుంచి క్లయింట్లు వస్తున్నారట. భోజనంలో వాళ్ల పక్కన కూర్చునేది ఎవరో ఆ శుక్రవారమే తేలుస్తానని, కూర్చున్నవాళ్లకే కొత్త ప్రాజెక్టు అప్పగిస్తానని బాసు ముందే చెప్పాడు. పని వచ్చా రాదా అన్నది ఆయనకు అక్కర్లేదు. గ్లాసు పట్టుకోవడం వస్తే చాలు.

నేర్పడానికి వచ్చినాయన మెడకు స్కార్ఫు చుట్టుకున్నాడు. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది. గ్లాసు తిప్పమన్నాడు, తిప్పాం. ముక్కు లోపల పెట్టమన్నాడు, పెట్టాం. ఏం వాసన వస్తోందని అడగడమే ఆలస్యం, మావాళ్లు అందుకున్నారు. ఒకడికి చెర్రీ పళ్లు, ఒకడికి తోలు, ఇంకొకడికి వాన వెలిసిన అడవి. ఆ అడవివాడు నాలుగు చినుకులు పడితే మణికొండ ఫ్లాటు దాటకుండా వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టే మనిషి.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి తాగమన్నాడు. మొదట వెళ్లింది మా టీములో అందరికంటే పెద్దామె. మెదక్ వైపు నుంచి వచ్చింది, నేను అక్కా అంటాను. ఆ క్లయింటు పనంతా మూడేళ్లుగా మోసింది ఆమే. ఒక గుటక వేసి, ఉన్నమాట చెప్పింది.

"వగరున్నది సార్. పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తున్నది. జర కొవ్వున్న మటన్ ఉంటే ఈ వగరు తగ్గుతుండె."

అందరూ పగలబడి నవ్వారు. "ఇది కల్లు కాదు మేడమ్" అన్నాడు బాసు.

ఐదు నిమిషాలు గడవకముందే స్కార్ఫాయన అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాడు. నిండైన ఎర్ర వైన్‌లో టానిన్లు ఉంటాయట, నాలుకను పట్టేస్తాయట, కొవ్వున్న మాంసంతో కలిపి తాగితే మెత్తబడతాయట. నవ్వినవాళ్లంతా బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. సిగ్గులేని జనం. పైగా దానికి జోడీగా బాసు తెప్పించింది చిల్లీ చికెన్. కారానికి నోళ్లు మండి కళ్లలో నీళ్లు కారుతున్నా అద్భుతమైన జోడీ అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

చివరికి నా వంతు వచ్చింది. మాది క్రైస్తవ కుటుంబం. కూకట్‌పల్లిలో మా చర్చికి ప్రతి నెలా ప్రభురాత్రి భోజనంలో అందరూ తాగడానికి మా అమ్మే నల్ల ద్రాక్షపళ్లు ఉడికించి, బట్టలో వడగట్టి రసం తీస్తుంది. నలుగురిలో నిలబడి ఎర్రటి రసం చేతికి అందుకుంటే నాకు ఒకటే అలవాటు. తల వంచి, కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకున్నాకే నోట్లో పోసుకుంటాను. ఆ రోజూ ఆలోచించకుండా అదే చేశాను.

కళ్లు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు.

"చూశారా, వైన్‌తో మాట్లాడడం అంటే ఇదీ" అన్నాడు స్కార్ఫాయన.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు బాసు.

చర్చిలో అని ఒక్క మాట అంటే అంతటితో పోయేది. నా నాలుకకు తగిలింది కూడా అక్క చెప్పిన వగరే. అదీ చెప్పలేదు.

"ఇంట్లో అలవాటండి" అన్నాను. ప్రాజెక్టు నాకిచ్చారు.

లిఫ్టులో అక్క నా భుజం తట్టింది. "మంచిగైంది, నీకొచ్చింది. ఏం ఫికర్ జెయ్యకు, ఫైళ్లన్నీ నేను పంపిస్త" అంది. తిట్టినా బాగుండేది. ఆ పదమూడు మందిలో అందరికంటే నీచమైన మనిషిని నేనే.

ఆ ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనం. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి రమ్మని పాస్టరుగారు ఎప్పటిలాగే చెప్పారు. చిన్న కప్పుల పళ్లెం మా వరుసకు వచ్చింది. నేను ముట్టుకోకుండా పక్కనున్న అమ్మకు అందించాను.

"ఏం, బాగా రాలేదా?" అని అమ్మ గుసగుసగా అడిగింది. "తొక్కలతో ఎక్కువసేపు మరిగించాను. వగరుగా ఉంటుందేమో."

"అదేం లేదమ్మా" అన్నాను.

సోమవారం క్లయింట్ల పక్కన నేనే కూర్చున్నాను. అక్క పంపిన ఫైళ్లు నావే అన్నట్టు చూపించాను. వైన్ పోశారు. బాసు నా వైపు ఆశగా చూస్తున్నాడు. తల వంచి కళ్లు మూసుకున్నాను. చూసేవాళ్లకు బాగుంటుందని ఈసారి పెదాలు కూడా కదిపాను.