కాఫీ మీదికి నెట్టిన జ్వరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు నుదురు పట్టి చూసేవారు కాదు, ఎవరి నోట కాఫీ వాసన వస్తోందో చూసేవారు. చింతపల్లి దాటాక, పెరట్లో అడుగు పెడితే కాఫీ మొక్కలే ఉండే ఊళ్లో ఇలాంటి సోదా జరిగేదంటే ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

మా నాన్న ఊరి బడిలో మాస్టారు. ట్రైనింగుకని మైదానానికి వెళ్లినప్పుడు అక్కడెవరి దగ్గరో హోమియో నేర్చుకుని, ఒక లావుపాటి పుస్తకం, బుల్లి బుల్లి సీసాలున్న చెక్కపెట్టె పట్టుకొచ్చారు. దెబ్బ తగిలితే ఆర్నికా, అజీర్తి చేస్తే నక్స్ వామికా. తెల్లటి గుళికలు నాలుక కింద వేసేవారు, అవి తియ్యగా కరిగిపోయేవి. ఊళ్లోవాళ్లు కూడా వచ్చి పుచ్చుకునేవారు. జలుబులు తగ్గేవి, బొప్పులు అణిగేవి. మందు వెయ్యకపోయినా అవి తగ్గేవేనని అనేవాళ్లు ఎవరూ లేరు. ఆ గుళికలకు ఒక పథ్యం ఉంది. కాఫీ తగలకూడదు. తాగడం మాట అటుంచి, వాసన తగిలినా మందు చచ్చిపోతుందనేవారు నాన్న.

కాఫీ పళ్లు కోసే చలికాలంలో నా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. వాడికి అప్పుడప్పుడే మాటలు తిన్నగా వస్తున్నాయి. మధ్యాహ్నానికి వణుకు మొదలయ్యేది. ఎన్ని దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి. తర్వాత ఒళ్లు కాలిపోయేది, సాయంత్రానికి చెమటలు పట్టి దిగిపోయేది. మర్నాడు లేచి కోడిపిల్లల వెంట పరిగెత్తేవాడు. ఆ మర్నాడు మళ్లీ వణుకు. రోజు విడిచి రోజు వచ్చే ఆ జ్వరం ఏమిటో ఏజెన్సీలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. నాన్న కూడా ఏజెన్సీలోనే పుట్టారు. కానీ చేతిలో పెట్టె ఉంది కదా. జ్వరం రాని రోజు అది గుళికల ఘనత. వచ్చిన రోజు ఇంట్లో ఎవరో తప్పు చేసి ఉండాలి. ఆ ఎవరో మా అమ్మ.

అమ్మ పొద్దుటినుంచీ తోటలో పళ్లు కోసి, తొక్క తీసి, గింజలు ఆరబెట్టేది. ఎర్రటి కాఫీ పండుకి కాఫీ వాసన ఉండదు, గింజ వేయిస్తేనే వస్తుంది. ఆ సంగతి ఆ కొండమీద పసిపిల్లలకూ తెలుసు. అయినా నాన్న అమ్మను స్నానం చేసి, చీర మార్చుకుని గాని లోపలికి రావద్దన్నారు. జ్వరం వచ్చింది. పిల్లాణ్ణి ఎత్తుకోవద్దన్నారు. మళ్లీ వచ్చింది. చివరికి అమ్మ పడక వసారాలోకి మారింది. తమ్ముడు అమ్మ కావాలని ఏడిస్తే, దగ్గరికి వెళ్తే జ్వరం వస్తుంది నాన్నా అని బుజ్జగించేవారు. మెత్తగానే చెప్పేవారు. ఆ మెత్తదనం తలుచుకుంటేనే నాకు ఎక్కువ కోపం. అరిచి ఉంటే అమ్మ తిరగబడేదేమో. ఈలోగా తమ్ముడి మొహం పాలిపోయింది, పొట్టలో ఎడమవైపు గడ్డలా ఏదో గట్టిగా చేతికి తగలడం మొదలైంది.

అలాంటప్పుడు హుకుంపేట నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. ఆవిడకు మందుల గురించి ఏమీ తెలియదు, తెలుసని అననూ లేదు. ఉన్నదల్లా కోపమే. పొద్దున్నే వసారాలో చలికి ముడుచుకు కూర్చున్న అమ్మను చూసి, ఇదేమిటని అడిగింది. జరిగిందంతా నేనే చెప్పాను. అత్త నేరుగా వంటింట్లోకి పోయి గింజలు వేయించి, దంచి, బెల్లం వేసి కాఫీ కాచింది. వాసన వీధిదాకా వెళ్లింది. గ్లాసు తెచ్చి, నాన్న ఎదురుగానే తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

“అప్పా, ఏటి సేత్తన్నావు? మందు పాడైపోద్ది,” అన్నారు నాన్న.

“పోనీ. ఈయేల నానే కాపీ పడతన్నాను. జొరం వచ్చిందా, ఆ పాపం నాది. రాలేదా, నీ పెళ్లాన్ని లోపలికి పిలవాల.”

తమ్ముడు కాఫీ అంతా తాగాడు. నాన్న బడి మానేసి వాడి నుదుటిమీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది, పొద్దు వాలింది, జ్వరం రాలేదు. అది రాని రోజు, అంతే. అత్త ఆ ఆలోచన చెయ్యలేదు, మొండిధైర్యంతో దిగింది. అది వచ్చే రోజై ఉంటే అమ్మతో పాటు అత్త కూడా వసారాలోనే ఉండేది. మర్నాడు ఇంట్లో ఎవరూ కాఫీ ముట్టలేదు, అమ్మ తోట వైపే వెళ్లలేదు. మధ్యాహ్నానికి వణుకు వచ్చింది.

“ఇప్పుడెవరి మీద పెడతావురా?” అంది అత్త.

నాన్న పుస్తకం తెరిచారు. అత్త ఆయన జవాబు కోసం ఆగలేదు. తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, అమ్మనూ నన్నూ బేగి లెగమని, దారిలో జీపు ఆపి చింతపల్లి ఆసుపత్రికి తీసుకుపోయింది. వేలు గుచ్చి రక్తం చూశారు. మలేరియా అన్నారు. చేదు మాత్రలిచ్చారు. ఇన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారని డాక్టరు కేకలేశాడు. ఆ కేకలు కూడా అమ్మే తలొంచుకుని పడింది. నాన్న అక్కడికి రాలేదు.

మాత్రలు పనిచేశాయి. ఒళ్లు చల్లబడి, వాడు గంజి అడిగిన రోజు అమ్మ వాడి ముందు కూర్చుని రెండు చేతులూ చాచింది. వాడు అత్త వెనక్కి నక్కి, “వద్దు, జొరం వత్తాది,” అన్నాడు.

నాన్న గుమ్మంలోనే ఉన్నారు. వెళ్లరా, ఏమీ కాదు, తప్పు నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. బతికినన్నాళ్లూ అనలేదు. తమ్ముడు అమ్మ ఒడిలోకి వెళ్లడానికి జ్వరం తగ్గడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

మొన్న మా కోడలు ఫోనులో చూసి అలాంటి గుళికల పెట్టె ఒకటి తెప్పించింది. తుమ్ములకూ బొప్పులకూ వేసుకుంటే వేసుకో, జ్వరమైతే మాత్రం ముందు రక్తం చూపించాలన్నాను. మందు పనిచెయ్యకపోతే తప్పు మందుదే, నువ్వేం తిన్నావు, ఏం ముట్టుకున్నావు అని నా కొడుకు అడిగితే నాతో చెప్పమన్నాను. ఎందుకత్తయ్యా అంత కోపం అని నవ్వింది. చాచిన చేతులు అమ్మ ఎంతసేపటికి దించుకుందో తను చూడలేదు.