కృపావతి పేరున్న ట్రాకు

ధర్మ అరకులోయ సంతకు జీపు తోలుతాడు. భార్య కృపావతి కాఫీ తోటలో కూలికి వెళ్తుంది. తమ కువి భాషలో తానే పాటలు కట్టి పాడుతుంది. ధర్మ పక్కన గిటారు వాయిస్తాడు. విశాఖలో పాటలు చేసే రవిబాబు ఒకసారి ఆ జీపెక్కి ఆమె కూనిరాగం విన్నాడు. దిగేటప్పుడు నంబరిచ్చి, "ఇంట్లోనే సాదాగా రికార్డు చేసి పంపండి. డెమో చాలు" అన్నాడు.

ఆ నెలలోనే కృపావతి మెడ మీది గడ్డకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. డాక్టరు ఏమీ దాచలేదు. "గొంతు మారే ప్రమాదం కొంత ఉందమ్మా" అని ముందే చెప్పాడు.

అందుకని ఆపరేషన్‌కు ముందే పాటలన్నీ రికార్డు చెయ్యాలనుకున్నారు. ధర్మ ఒక పాత లాప్‌టాప్ సంపాదించాడు. అరకులో నెట్ సెంటర్ నడిపే మణిదీప్ అందులో ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు మూడు వేసిచ్చాడు. మొదటిది నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. రెండోది చూడముచ్చటగా ఉంది గానీ, కొన్నాళ్లు పోయాక డబ్బు కట్టకపోతే సేవ్ కాదట. మూడోది బూడిద రంగులో, ఏ సోకూ లేకుండా ఉంది. గొంతు ఒక ట్రాకులో, గిటారు ఇంకో ట్రాకులో విడివిడిగా తీసుకోవచ్చు. ధర్మ మూడూ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం.

"ఏటయ్యా, ఇంకా ఎంతసేపు సూత్తావు? బేగి తేల్సు" అంది కృపావతి.

చివరికి మూడోదే ఖాయం చేశాడు. గోడలకు దుప్పట్లు కట్టారు. రేకుల మీద వాన చప్పుడు ఆగే దాకా కూర్చుని, ఆగగానే పాడించాడు. ట్రాకు మీద ఆమె పేరు తెలుగులో కొట్టాడు. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన గొంతు తానే విని, సిగ్గుపడి నవ్వింది.

"ఇంక పంపీ" అంది.

"నా గిటారు అక్కడక్కడా తప్పింది. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చాక సరిసేసి పంపుదాం" అన్నాడు ధర్మ. ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ కూడా పెట్టుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం బొంగురుపోయింది. తగ్గుతుందని కాఫీ పళ్లు ఎర్రబడే దాకా ఎదురు చూశారు. తగ్గలేదు. ఆస్పత్రి తిరుగుళ్లలో గిటారు సరిచెయ్యడం వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా ముసురుకు తేమ పట్టి లాప్‌టాప్ చచ్చిపోయింది. అందులోంచి ఏమీ రాదని మణిదీప్ తేల్చేశాడు. ధర్మ కంగారు పడలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు.

మణిదీప్ తన కంప్యూటర్లో అదే సాఫ్ట్‌వేర్ వేసి ఫైలు తెరిచాడు. పాటల పేర్లు కనిపించాయి. కృపావతి పేరున్న ట్రాకు కూడా కనిపించింది. నొక్కితే చప్పుడు లేదు. తెర మీద గొంతు గీతలు ఉండాల్సిన పెట్టెలన్నీ ఖాళీ.

"అన్నా, ఇది పాట కాదు. ఏ ముక్క ఎక్కడుందో సెప్పే ఫైలు మాత్రమే. గొంతులు వేరే ఫోల్డర్లో ఉంటాయి. అది కాపీ సెయ్యలేదేటి?"

"అన్నీ అందులోనే ఉన్నాయనుకున్నాను" అన్నాడు ధర్మ. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. బయట జీపులో కూర్చున్నవాళ్లు హారన్ కొట్టి పిలిచారు.

ఇంటికొచ్చి కృపావతికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆ రోజే పంపీమన్నాను గదా" అంది, అంతే.

కాసేపటికి ధర్మ గిటారు తీసి, "ఇప్పుడెలాగొస్తే అలాగే పాడు కృపా. మళ్లీ తీద్దాం" అన్నాడు.

ఆమె కాదనలేదు. ఒక చరణం అందుకుంది. పై స్వరం దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించి ఆగిపోయింది.

"పాత గొంతు మనసులోనైనా ఇందామంటే, ఈ బొంగురే ఇనబడతంది. ఇంక నన్ను పాడమనకు."

ధర్మ తీగల మీద చెయ్యి అడ్డం పెట్టి చప్పుడు ఆపాడు. ఆమె లేచి పొయ్యి దగ్గరకు వెళ్లింది. తర్వాత ఆ ఇంట్లో పాటల ఊసు ఎవరూ ఎత్తలేదు.