జున్ను వద్దన్న మధ్యాహ్నం

ఇంటికి వచ్చిన మనిషి జున్ను వద్దనడం నేను బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. మా వైపు గేదె ఈనిందంటే చుట్టుపక్కల ఇళ్ళకు గ్లాసులతో జున్నుపాలు వెళ్ళాలి. పంపకపోతే మాట వస్తుంది. పంపితే కాదన్నవాళ్ళు లేరు. షుగరున్నవాళ్ళు కూడా "ఒక్క ముక్కేనండి" అంటూ రెండు తినేవారు.

అది రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు. నేను సామర్లకోటలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఇంట్లో నాన్న, అమ్మ, నేను. కాలవ కింద కాస్త వరిపొలం, పెరట్లో పాక, పాకలో మూడు గేదెలు. పొద్దున్నే అమ్మ పాలు పితికితే నాన్న సైకిల్ మీద పాలకేంద్రానికి తీసుకెళ్ళి పోసి వచ్చేవారు. నేను విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకోగలిగానంటే ఆ పాల వల్లే.

ఆ హాస్టల్లో నా గదిలో ఉన్న స్నేహితురాలు పెళ్ళయ్యాక భర్తతో బెంగళూరులో స్థిరపడింది. పిఠాపురం గుడి చూసి, ఉప్పాడలో చీర కొనుక్కుని, మా ఇంట్లో ఒక పూట భోంచేసి వెళ్తామని ఫోన్ చేసింది. చివర్లో, "మేమిద్దరం పాలు, పెరుగు మానేశామే. ఆంటీకి ముందే చెప్పు" అంది. ఒంటికి పడటం లేదేమో అనుకున్నాను. అదే అమ్మకి చెప్పాను. అమ్మ "సరేలే" అంది, అంతే.

వాళ్ళు వచ్చేసరికి పన్నెండు దాటింది. ఉప్పాడలో కొన్న చీర చూపించింది. నూలు చీర. "అంత దూరం వెళ్ళి పట్టు కొనుక్కోలేదేంటే?" అన్నాను. "పట్టు కట్టను. పురుగుల్ని బతికుండగానే ఉడకబెడతారు కదా" అంది. నాన్న నా వైపు చూశారు. హాస్టల్లో నేను ఊరి నుంచి తెచ్చిన నేతిసీసా వారం తిరక్కుండా ఖాళీ చేసిన పిల్ల ఈమేనా అని నాకు అనుమానం వచ్చింది.

రెండు రోజుల కిందటే మా పెద్ద గేదె ఈనింది. భోజనాలయ్యాక నాన్న ఆగలేక తనే లోపలికి వెళ్ళి, బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను ప్లేట్లలో పెట్టుకొచ్చారు. "పాలు పడకపోతే పోనీ, ఇది పాలు కాదు కదమ్మా, తినండి" అన్నారు.

స్నేహితురాలు ప్లేటు అందుకోలేదు. చేతులు జోడించింది. "పడక కాదు అంకుల్. మేం వీగన్స్. జంతువుల నుంచి వచ్చేది ఏదీ తీసుకోం."

"వ్యాగనా? అంటే గూడ్సు బండిది కదా?" అన్నారు నాన్న, నిజంగానే.

ఆమె భర్త నవ్వకుండా ఓపిగ్గా చెప్పాడు. మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టని మనుషులు ఉన్నారని, పాలు దూడవని, దూడ నోటి దగ్గరివి మనం లాక్కోకూడదని. మాట మెత్తగానే ఉంది. కానీ నాన్న ముఖం ఎవరో వీధిలో నిలబెట్టి దొంగ అన్నట్టుగా అయిపోయింది. ప్లేట్లు అరుగు మీద పెట్టి కూర్చున్నారు.

"బాబూ, మీరు పేపర్లో ఏదో చదివి ఉంటారు. ఇంజక్షన్లు వేసి పిండుకునేవాళ్ళు ఉన్నారు, నేను కాదనను. మా పాకలో ఏనాడూ సూది పడలేదు. దూడ కడుపు నిండాకే పితుకుతాం. ఈనిన కొత్తలో పాలన్నీ దూడకే వదిలేస్తే దానికి పారుడు పట్టుకుని చచ్చిపోతుంది. తుఫానొచ్చి కాలవ పొంగినప్పుడు నేను ముందు పలుపులు విప్పి వాటిని గట్టెక్కించి, తర్వాత ఇంట్లోకి వచ్చాను. అడగండి మా అమ్మాయిని."

"నమ్ముతాను అంకుల్" అన్నాడతను. "నేను మిమ్మల్ని అనటం లేదు. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇప్పుడు పుట్టిన దూడ ఏమవుతుంది?"

"పోతుదూడ. కొన్నాళ్ళుంచి సంతకిచ్చేస్తాం."

"సంత నుంచి ఎక్కడికి వెళ్తుంది?"

"కొనుక్కున్నవాళ్ళ ఇష్టం" అన్నారు నాన్న, గొంతు తగ్గించి.

ఆ జవాబు నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో పోతుదూడ పుట్టడం, కొంత పెరగడం, ఒక రోజు స్కూలు నుంచి వచ్చేసరికి లేకపోవడం నా చిన్నప్పటి నుంచీ జరుగుతున్నదే. ఆ ప్రశ్న ఎవరైనా పైకి అడగ్గా వినటం అదే మొదలు. నాన్న కళ్ళు దించుకోవడం చూడలేక నేను మాటలోకి దూకాను.

"మరి అన్నం తిన్నారు కదా ఇందాక? ఊడుపుల ముందు దమ్ము చేసినప్పుడు ఎన్ని కప్పలు, ఎన్ని పీతలు చస్తాయో చూశారా? ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టకపోతే గింజ ఇంటికి రాదు. అది హింస కాదా?"

"హింసే" అంది స్నేహితురాలు. "కానీ అన్నం లేకపోతే బతకలేం. పాలు లేకపోతే బతగ్గలం."

"నువ్వు బతగ్గలవు. నీకు బెంగళూరులో సోయా పాల డబ్బాలు దొరుకుతాయి. నా చదువు ఈ పాకలోంచి వచ్చింది. ఆ నేతి సీసాలు నువ్వూ తిన్నావు."

"తిన్నాను. తెలియక తిన్నాను. తెలిశాక మానేశాను. అందులో నీకు కోపం దేనికే?"

కోపం దేనికో నాకూ తెలియలేదు. గొంతులు పెరిగాయి. పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగి చూసి, ఆస్తి తగాదా కాదని తేల్చుకుని వెళ్ళిపోయింది. నాన్న పేడ లేకపోతే పొలం ఏమవుతుందో చెబుతున్నారు. అతను దానికి ఏదో అంటున్నాడు. ఎవరూ ఎవరి మాటా వినటం లేదు. అమ్మ మాత్రం గడప పక్కన కూర్చుని మునగాకు దూస్తోంది, తనకేం పట్టనట్టు. నాకు ఆమెను చూస్తే బలం వచ్చింది. ఈ ఇంట్లో గేదెల సంగతి ఆమెకన్నా ఎవరికి తెలుసు?

"అమ్మా, నువ్వు చెప్పవే. ఇన్నేళ్ళ నుంచి పితుకుతున్నావు. మనం పాలు తాగడం తప్పా?"

"నన్ను లాగకే" అంది అమ్మ.

"చెప్పండి ఆంటీ, మీ మాటే వింటాం" అంది స్నేహితురాలు.

అమ్మ చేతిలోని రెమ్మ చేటలో పెట్టింది. "తప్పో ఒప్పో నాకేం తెలుసమ్మా. నేను పాలు తాగి చాలా ఏళ్ళయింది."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నాన్న నవ్వబోయారు. "ఏంటీ? పొద్దున్న టీ తాగలేదూ?"

"మీకు టీ. నాది జీలకర్ర నీళ్ళు."

"మజ్జిగ?"

"లేదండి."

"పెరుగు? నెయ్యి?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. నాన్న నా వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"లేదు నాన్నా" అన్నాను.

నా బుర్రలో ఇల్లంతా తిరగడం మొదలైంది. పొద్దున్నే స్టీలు గ్లాసు పట్టుకుని పాకలోకి వెళ్ళే అమ్మ. ఆ గ్లాసులో ఏముందో నేనెప్పుడూ చూడలేదు. మా అందరికీ పెట్టి ఆఖర్న వంటింట్లో ఒక్కతే అన్నం తినే అమ్మ, చారుతో ముగించి కంచం ఎత్తేసే అమ్మ. పెళ్ళిళ్ళలో పెరుగు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "కఫం చేస్తుందండి" అనే అమ్మ. గుడిలో పంచామృతం చేతిలో పోయించుకుని, కళ్ళకద్దుకుని, తలకు రాసుకునే అమ్మ. అన్నీ చూశాను. మీగడ తీసేది, వెన్న చిలికేది, నెయ్యి కాచి కమ్మగా ఉందో లేదో వాసన చూసి చెప్పేది ఆమే. నాలుక మీద వేసుకోగా మాత్రం ఎన్నడూ చూడలేదు.

"ఎప్పటి నుంచే?" అన్నారు నాన్న.

"ఇది పాలు తాగుతున్నప్పటి నుంచి" అంది నన్ను చూపించి. తర్వాత మెల్లగా చెప్పింది. ఏదో కూర ఎలా వండాలో చెబుతున్నట్టే, ఎత్తూ తగ్గూ లేకుండా.

నేను పుట్టాక అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన కొత్తలు. ముసురు పట్టి వారం రోజులైనా వదల్లేదు. ఈనిన గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే గేదె చేపటం, అంటే పొదుగులోకి పాలు దించటం, మానేసింది, పొదుగు బిగిసిపోయి అరుస్తోంది. అప్పట్లో అందరూ చేసే పనే నాన్నా చేశారు. దూడ తోలు ఒలిపించి, అందులో గడ్డి కూర్పించి, కాళ్ళకు కర్రలు పెట్టించి గేదె ముందు నిలబెట్టారు. గేదె నాకేలా దాని వీపు మీద ఉప్పునీళ్ళు చల్లారు.

"ఆ సాయంత్రం నువ్వు ఏడుస్తుంటే పాక చూరు కింద కూర్చుని పాలిస్తున్నాను. గేదె వచ్చి ఆ తోలు వాసన చూసింది. నాకడం మొదలెట్టింది. వీపంతా నాకి, మొహం నాకి, కళ్ళుండే చోట మళ్ళీ మళ్ళీ నాకింది. నాకుతూనే చేపేసింది. మీ నాన్న పితుకుతున్నారు. నురగ కడుతున్న చప్పుడు వినపడుతోంది. నాకూ చేపొచ్చి నీకు పొలమారింది. రాత్రికి వేడిపాలు తాగమని మీ నానమ్మ ఇచ్చింది. నోట్లో పోసుకున్నాను, దిగలేదు. కక్కేశాను. మళ్ళీ ఎప్పుడూ దిగలేదు."

స్నేహితురాలి కళ్ళనిండా నీళ్ళు. లేచి వెళ్ళి అమ్మ చేతులు పట్టుకుంది. "ఆంటీ, మాకంటే ముందే మీరు మా మనిషి."

అమ్మ చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. "నేనెవరి మనిషినీ కాదమ్మా. పొద్దు వాలాక పాలు పితకాలి నేను. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు చెంబులు పట్టుకుని వస్తారు."

"కానీ ఆంటీ, అంత బాధపడ్డాక మళ్ళీ ఎలా పితుకుతున్నారు?" అన్నాడు ఆమె భర్త. అతనికీ దిమ్మ తిరిగినట్టే ఉంది.

"పితక్కపోతే పొదుగు సలుపుతుంది బాబూ, అది అరుస్తుంది. అప్పట్లో మా అమ్మాయిని చదివించాలి. నాకు గొంతు దిగదు, అది నా గొంతు సంగతి. ఊళ్ళో వాళ్ళందర్నీ మానమని ఎలా చెప్తాను? మీరు మానేశారు, మంచిదే. మా ఆయన్ని మాత్రం అంత మాట అనకండి. ఆయన గేదెని కొట్టగా నేను చూళ్ళేదు."

నాన్న అప్పటికే అరుగు దిగి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయారు. వాళ్ళు రైలుకి బయల్దేరేవరకూ తిరిగి రాలేదు. స్నేహితురాలు వెళ్తూ నన్ను గట్టిగా పట్టుకుని "సారీనే" అంది. దేనికి సారీయో నేను అడగలేదు. వాళ్ళకు పెట్టిన జున్ను ఆ రోజు మేమూ తినలేదు. అమ్మే తీసుకెళ్ళి పక్కింటి పిల్లలకు పెట్టింది.

చీకటి పడ్డాక వచ్చి నాన్న కంచం ముందు కూర్చున్నారు. అన్నం కలపలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు?"

"గేదెల్ని అమ్మేసేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు" అంది అమ్మ. "నువ్వూ కూర్చోవే, చారు చల్లారిపోతోంది" అంది నాతో.

నాన్న తేరుకోవడానికి నెలలు పట్టింది. ఒకే ఇంట్లో, ఎదురెదురుగా, అన్నేళ్ళు ఒక మనిషి ఏం తింటోందో తెలియకపోవడం ఆయన్ని పురుగులా తొలిచింది. అమ్మను మాతో పాటే కూర్చుని తినమని పట్టుబట్టేవారు. అమ్మకు అది పెద్ద ఇబ్బంది అయిపోయింది. ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగేది కాదామెకు. చివరికి ఆమె కంచం తెచ్చుకుని మా పక్కన కాక, కాస్త వెనగ్గా పీట వేసుకునేది. ఆయన అదీ ఒప్పుకున్నారు. ఆ పోతుదూడను నాన్న సంతకు తోలలేదు. ఉంచుకున్నారు. అది పెరిగి పెద్దదై గాటి దగ్గర మేత తినేస్తుంటే, దీనికి గడ్డి ఎక్కడి నుంచి తేవాలని విసుక్కుంటూనే ఉంచుకున్నారు. తర్వాత పుట్టిన వాటిని ఉంచలేకపోయారు. అవి సంతకే వెళ్ళాయి. అలా పంపిన రోజున నాన్న అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఇదివరకు అలా ఉండేది కాదు.

నేను పెరుగు మానలేదు. మానాలని రెండుసార్లు అనుకున్నాను, కుదరలేదు. స్నేహితురాలూ నేనూ ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటాం. ఆమె మొదట అమ్మ ఎలా ఉందనే అడుగుతుంది.

కొన్నేళ్ళకు అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. పాకలో కూర్చుని లేవలేకపోయేది. నాన్నా నేనూ కాకినాడ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాం. ఆయన ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, "ఎముకలు గుల్లబారాయండి. రోజూ రెండు గ్లాసుల పాలు తాగించండి. గేదెలున్న ఇల్లే కదా, మీకేం లోటు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే నాన్న అన్నారు. "ఆవిడ పాలు తాగరండి."

"తాగకపోతే ఎలాగండీ? అలవాటు చెయ్యండి."

"లేదండి. ఆవిడ తాగరు. ఇంకేదైనా రాయండి."

డాక్టరుగారు విచిత్రంగా చూసి బిళ్ళలు రాశారు. బయటికొచ్చాక నాన్న మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఎక్కడికో వెళ్ళి, నువ్వుండల పొట్లం పట్టుకుని వచ్చారు. పాలలో ఉండే సత్తువే నువ్వుల్లో కూడా ఉంటుందని ఎవరో చెప్పారట. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "పాకం ముదిరిందండి" అంది.